ఫిలిప్పీన్స్ కాలేజీల్లో చరిత్ర పాఠం: నమ్మించాలా, అనుమానించడం నేర్పాలా?

దావావ్‌లోనో మనీలాలోనో డాక్టరు చదువుదామని వెళ్ళిన తెలుగు పిల్లలు ముందు బీఎస్ డిగ్రీలో చేరతారు, ఎండీ ఆ తర్వాత. బయాలజీ, కెమిస్ట్రీ ఉంటాయని తెలిసే వెళ్తారు గానీ, టైంటేబుల్లో ‘రిజాల్ జీవితం, రచనలు’ అన్న సబ్జెక్టు కనబడేసరికి ఇదేంటని తెల్లబోతారు. చరిత్ర మీద మరో పేపరు కూడా ఉంటుంది. డాక్టరు కావడానికి వచ్చినవాళ్ళకి ఇదంతా ఎందుకు అనిపించడం సహజం. నర్సింగ్ చదివే పిల్లలు, ఇంజనీరింగ్ వాళ్ళు, ఓడల మీద ఉద్యోగానికి వెళ్దామనుకునే మెరైన్ కోర్సుల వాళ్ళు, అంటే అచ్చంగా ఆ దేశంలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఇదే మాట అడుగుతారు. జవాబు చిన్నదే, చట్టం అలా ఉంది. ఆ చట్టం ఎందుకొచ్చింది, అనుకున్న పని జరుగుతోందా, ఎక్కడ తేడా కొడుతోంది అన్నదే పెద్ద చిక్కుముడి.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. అక్కడ కాలేజీ చరిత్ర క్లాసు నెత్తిన రెండు పనులు పెట్టారు. పిల్లలు తమని తాము ఫిలిపినోలుగా భావించుకునేలా చేయడం ఒకటి. ఏ కాగితం ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని నిలదీయడం నేర్పడం రెండోది. మొదటిదానికి నమ్మకం కావాలి, రెండోదానికి అనుమానం కావాలి. 1956 నాటి చట్టం మొదటి పని కోసం వచ్చింది, 2013లో వచ్చిన సిలబస్ రెండో పని కోసం వచ్చింది, ఇప్పుడు ఒకే విద్యార్థి ఈ రెండు క్లాసుల్లోనూ కూర్చుంటున్నాడు. రెండూ కలిసి నడవగలవనే నా నమ్మకం, కాకపోతే అనుమానించడం ముందు నేర్పాలి. పత్రాలు చదివి, వాదించుకుని, కొన్ని చేదు నిజాలు మింగాక కూడా మిగిలేదే గట్టి అభిమానం.

రిజాల్ చట్టం అని అందరూ పిలిచేది రిపబ్లిక్ యాక్ట్ 1425. సెనేటర్ క్లారో రెక్తో రాశాడు, సెనేట్‌లో దాన్ని భుజాన వేసుకుని నడిపించింది హొసే లారెల్, 1956 జూన్ 12న అధ్యక్షుడు రామోన్ మగ్సైసాయ్ సంతకం చేశాడు. అప్పటికి అమెరికా నుంచి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు. మూడు శతాబ్దాలకు పైగా స్పెయిన్, దాదాపు యాభై ఏళ్ళు అమెరికా, మధ్యలో జపాన్ ఆక్రమణ, ఇన్ని చూశాక చేతికొచ్చిన దేశంలో ‘మనం’ అన్న భావన ఎక్కడి నుంచి తేవాలి అన్న బెంగ ఆ తరం నాయకులకి నిజంగానే ఉండేది. వాళ్ళకి దొరికిన సమాధానం హొసే రిజాల్. 1861లో లగూనా ప్రాంతంలోని కలంబాలో పుట్టాడు, కళ్ళ డాక్టరు, స్పెయిన్ పాలనలో మతగురువుల పెత్తనాన్ని ఎండగడుతూ రెండు నవలలు రాశాడు. ‘నోలి మే తాంగెరె’ 1887లో బెర్లిన్‌లో అచ్చయింది, ‘ఎల్ ఫిలిబుస్తెరిస్మో’ 1891లో బెల్జియంలోని గెంట్‌లో. 1896 డిసెంబర్ 30న మనీలాలోని బగుంబయాన్ మైదానంలో ఆయన్ని కాల్చి చంపారు. ముప్ఫై అయిదేళ్ళు.

ఈ నవలల్ని కాలేజీ పిల్లలు ఒక్క ముక్క కూడా తీసేయని ప్రతిలో చదవాలన్నది చట్టం. క్యాథలిక్ చర్చి భగ్గుమంది. నవలల్లో దుర్మార్గులు ఎక్కువమంది మతగురువులే కాబట్టి, దేశంలో మెజారిటీ క్యాథలిక్కులే కాబట్టి, ఇది విశ్వాసం మీద దాడి అన్నారు. చట్టం వస్తే మా స్కూళ్ళు మూసేస్తామన్న బెదిరింపులు కూడా వచ్చాయి, మూసేస్తే ప్రభుత్వమే స్వాధీనం చేసుకుంటుందని రెక్తో తిప్పికొట్టాడు. చివరికి రాజీ కుదిరింది. మతపరమైన కారణం చూపించి ప్రమాణపత్రం ఇస్తే నవలలు చదవడం నుంచి మినహాయింపు ఉంటుంది, కోర్సు నుంచి మాత్రం ఉండదు. లైబ్రరీల్లో తగినన్ని కాపీలు ఉంచాలని, స్థానిక భాషల్లోకి అనువదించి ఊళ్ళల్లో ఉచితంగా పంచాలని కూడా అదే చట్టంలో ఉంది, అందుకు 3 లక్షల పెసోలు కేటాయించారు. నవల చదివితే దేశం అర్థమవుతుందని ఒక పార్లమెంటు గట్టిగా నమ్మి డబ్బు పెట్టడం నాకు ఇప్పటికీ గౌరవం కలిగించే విషయం.

నవలల మీద అంత గొడవ పడి తెచ్చుకున్న కోర్సు చాలా క్లాసుల్లో నవలల దాకా వెళ్ళకుండానే ముగుస్తుంది. రిజాల్‌కి ఎన్ని భాషలు వచ్చు, ఏ ఊళ్ళో ఏ అమ్మాయిని ఇష్టపడ్డాడు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ పేర్లు, ఏ తేదీన ఏ ఓడ ఎక్కాడు, ఇలా బిట్ ప్రశ్నలకి పనికొచ్చే సమాచారం బట్టీ పట్టించి వదిలేస్తే టీచరుకి పేపరు దిద్దడం తేలిక, పిల్లలకి పాసవడం తేలిక. కష్టమైన రిజాల్ వేరే ఉన్నాడు. 1896 ఆగస్టులో ఆండ్రెస్ బోనిఫాసియో నాయకత్వంలో కటిపునాన్ అనే రహస్య సంఘం తిరుగుబాటు మొదలుపెట్టింది. అదే ఏడాది డిసెంబర్ 15న, జైల్లో ఉన్న రిజాల్ ఆ తిరుగుబాటుని ఖండిస్తూ ఒక ప్రకటన రాశాడు. స్వేచ్ఛ కావాలి గానీ ముందు జనానికి చదువు రావాలి, సంస్కరణలు పై నుంచి రావాలి అన్నది అందులోని సారాంశం. ఆ ప్రకటన స్పెయిన్ అధికారులకే నచ్చలేదు, బయటపెట్టనివ్వలేదు, రెండు వారాలకి ఆయన్నే చంపేశారు. మరి విప్లవాన్ని కాదన్నవాడు విప్లవంతో పుట్టిన దేశానికి మహానాయకుడు ఎలా అయ్యాడు? రెనాటో కాన్‌స్టాంటినో అనే చరిత్రకారుడు 1969లో ఈ ప్రశ్ననే బలంగా లేవనెత్తాడు. కత్తి పట్టిన బోనిఫాసియో కంటే సంస్కరణలు అడిగిన రిజాల్ అమెరికన్ పాలకులకి అనుకూలమని, అందుకే వాళ్ళు ఆయన్ని పైకెత్తారని ఆయన వాదన. 1901లోనే మనీలా పక్కన ఒక రాష్ట్రానికి రిజాల్ పేరు పెట్టింది అమెరికన్ ప్రభుత్వమే. దీనికి ఎదురు వాదనలూ ఉన్నాయి. అమెరికన్ పాలన స్థిరపడకముందే, 1898లోనే, విప్లవ ప్రభుత్వం డిసెంబర్ 30ని సంతాపదినంగా ప్రకటించింది. క్లాసులో జరగాల్సింది ఈ వాదనే.

బోనిఫాసియో సంగతి ఇంకా కష్టం. ఆయన్ని చంపింది స్పెయిన్ వాళ్ళు కాదు. 1897 మార్చిలో తెహెరోస్ అనే చోట జరిగిన సమావేశంలో నాయకత్వం ఎమిలియో అగినాల్డో చేతికి పోయింది, మే 10న అగినాల్డో మనుషులే బోనిఫాసియోని కొండల్లోకి తీసుకెళ్ళి కాల్చేశారు. రిజాల్, బోనిఫాసియో, అగినాల్డో ముగ్గురి ఫొటోలూ ఒకే గోడ మీద వరసగా వేలాడే క్లాసురూములో ఈ పాఠం చెప్పాలంటే టీచరుకి గుండె ధైర్యం ఉండాలి.

ఇక రెండో కోర్సు. ఆ దేశ ఉన్నత విద్యా కమిషన్ 2013లో ఇచ్చిన 20వ నంబరు మెమోతో డిగ్రీ మొత్తానికి ఉమ్మడి సబ్జెక్టుల్ని 36 యూనిట్లకి కుదించి, అందులో ఫిలిప్పీన్స్ చరిత్ర పత్రాల పఠనం అన్న 3 యూనిట్ల కోర్సు పెట్టింది. పాత పద్ధతిలో పాఠ్యపుస్తకం రచయిత చెప్పిందే చరిత్ర. కొత్త పద్ధతిలో పిల్లల చేతికి అసలు పత్రాలే ఇస్తారు. మాగెల్లాన్‌తో పాటు ఓడలో వచ్చిన పిగఫెట్టా రాసుకున్న యాత్రా వృత్తాంతం, 1589లో ప్లాసెన్సియా అనే మతగురువు తగలోగ్ ప్రజల ఆచారాల గురించి రాసిన నివేదిక, ఎమిలియో హసింతో రాసిన కటిపునాన్ నియమావళి, 1898 జూన్ 12న కవిట్‌లో చదివిన స్వాతంత్ర్య ప్రకటన, 1986 సెప్టెంబర్‌లో అధ్యక్షురాలు కొరజాన్ అకీనో అమెరికా కాంగ్రెస్‌లో చేసిన ప్రసంగం, ఇలా ఉంటాయి.

ఈ కోర్సు బాగా నడిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే 1872 కవీటె తిరుగుబాటు పాఠం చాలు. జనవరి 20 రాత్రి మనీలా దగ్గరి కవీటెలోని సాన్ ఫెలిపే కోటలో దాదాపు 200 మంది సైనికులు, ఆయుధాగారం పనివాళ్ళు తిరగబడ్డారు. ఒకటి రెండు రోజుల్లో అణిచేశారు. ఫిబ్రవరి 17న గోమెస్, బుర్గోస్, సమోరా అనే ముగ్గురు మతగురువుల్ని, ఫిలిప్పీన్స్‌లోనే పుట్టినవాళ్ళని, కుట్రదారులంటూ మెడకి ఇనుప పట్టీ బిగించి చంపారు. జరిగింది ఇంతవరకే ఖాయం. ఎందుకు జరిగింది అనేసరికి కాగితాలు విడిపోతాయి. గవర్నర్ జనరల్ ఇస్కియెర్దో నివేదికలో అది స్పెయిన్ ప్రభుత్వాన్ని కూలదోయడానికి స్థానిక మతగురువులు, లాయర్లు కలిసి పన్నిన పెద్ద కుట్ర. మోంతెరో యి విదాల్ అనే స్పానిష్ చరిత్రకారుడూ అదే పాట అందుకుని, మనీలాలోని సంపాలోక్‌లో పండగకి కాల్చిన తారాజువ్వల్ని కవీటె సైనికులు సంకేతం అనుకుని ముందే లేచారని రాశాడు. ఫిలిపినో పండితుడు పార్దో దె తవేరా లెక్క వేరు. ఆయుధాగారం పనివాళ్ళకి అప్పటిదాకా పన్ను నుంచీ వెట్టిచాకిరి నుంచీ మినహాయింపు ఉండేది, ఇస్కియెర్దో వచ్చి దాన్ని తీసేశాడు, కడుపు మండి తిరగబడ్డారు, దాన్ని సాకుగా పెట్టుకుని గిట్టనివాళ్ళని తొలగించుకున్నారు అంటాడు. ప్లౌషూ అనే ఫ్రెంచి రచయిత చెప్పింది కూడా దీనికి దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు పిల్లలు అడగాల్సిన ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. ఇస్కియెర్దో ఆ నివేదిక ఎవరికి పంపాడు? మినహాయింపు తీసేసింది తానే అయినప్పుడు, తప్పు తన మీదకి రాకుండా కుట్ర కథ ఆయనకి పనికొచ్చిందా? తవేరా సంఘటన జరిగినప్పుడు ఎక్కడున్నాడు, ఎవరి మాట విని రాశాడు? రిజాల్ తన రెండో నవలని ఈ ముగ్గురికే అంకితమిచ్చాడు. ఆ అంకితంలో వాళ్ళని చంపిన తేదీ ఫిబ్రవరి 28 అని ఉంటుంది, వయసులు కూడా సరిగ్గా ఉండవు. దీన్ని పిల్లల ముందు పెడితే మొదటి కోర్సులోని నాయకుడు రిజాల్, రెండో కోర్సులోని పత్రం రాసిన రిజాల్ ఒక్కటవుతారు. జాతీయ నాయకుడు కూడా తేదీ పొరపాటు రాయగలడు, ఆ పొరపాటు వల్ల ఆ అంకితంలోని బాధ అబద్ధం అయిపోదు. అనుమానించడం, గౌరవించడం ఒకే బెంచీ మీద కూర్చోగలవని నేను అనడానికి కారణం ఇదే.

అనుమానం నేర్పకపోతే ఏమవుతుందో కూడా ఆ దేశం చూసింది. కలంతియావ్ శాసనం అని ఒకటి ఉండేది. 1433లో పనాయ్ ద్వీపంలో దాతు కలంతియావ్ అనే నాయకుడు చేసిన పద్దెనిమిది నిబంధనల చట్టం అని చెప్పేవారు. స్పెయిన్ రాకముందే మాకు రాతపూర్వక చట్టం ఉంది అని చెప్పుకోవడానికి అంతకంటే ఏం కావాలి? 1914లో హొసే మార్కో అనే ఆయన తెచ్చిచ్చిన ఆ పత్రం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, తరాల పిల్లలు చదివారు. అందులో శిక్షలు చూస్తే సలసల కాగే నీళ్ళు, చీమలకి వదిలేయడం లాంటివి ఉంటాయి, ఏ చిన్న సముదాయమూ అలాంటి చట్టంతో బతికి బట్టకట్టలేదు. అయినా చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు. ఉత్తర కొండ ప్రాంతం సగాడాలో పనిచేస్తున్న విలియం హెన్రీ స్కాట్ అనే అమెరికన్ 1968లో తన డాక్టరేట్ పరిశోధనలో ఆ పత్రం నకిలీ అని తేల్చాడు. పరీక్షించడానికి కూర్చున్న పేరుమోసిన చరిత్రకారుల్లో దాన్ని సమర్థించినవాళ్ళు లేరు. అంతటితో ఆగిపోవాలి కదా. 1971లో ప్రభుత్వం రిటైరైన న్యాయమూర్తుల కోసం ఏకంగా కలంతియావ్ పేరుతో ఒక పురస్కారం మొదలుపెట్టింది! ఆ పత్రానికి చారిత్రక ఆధారం లేదని జాతీయ చరిత్ర సంస్థ అధికారికంగా ఒప్పుకునేసరికి 2004 వచ్చింది. గర్వపడాలన్న ఆత్రం ఉన్నచోట నకిలీ పత్రం ఎంతకాలం బతుకుతుందో చెప్పడానికి ఇంతకు మించిన పాఠం లేదు, ఈ పాఠం ప్రతి క్లాసులోనూ ఉండాలి.

విషాదం ఏమిటంటే గర్వపడటానికి అసలైన పత్రమే ఉంది. లగూనా ప్రాంతంలోని లుంబాన్ నది దగ్గర ఇసుక తవ్వేవాళ్ళకి ఒక రాగి రేకు దొరికింది, 1980ల చివర్లో అది పండితుల చేతికొచ్చింది. దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు, పది వరసల రాత. మిందోరోలో స్థిరపడిన డచ్ పండితుడు ఆంతూన్ పోస్ట్‌మా దాన్ని చదివాడు. తామ్రశాసనాలు మనకి కొత్త కాదు గనక దాని మొదటి వరస తెలుగువాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ‘స్వస్తి’ అని మొదలై శక సంవత్సరం 822, వైశాఖ మాసం, కృష్ణపక్ష చతుర్థి, సోమవారం అని ఉంటుంది. మన పంచాంగాల్లో ఉండే శాలివాహన శకమే అది, క్రీస్తు శకంలో చెప్పుకుంటే 900. భాష పాత మలయ్, మధ్యలో బోలెడు సంస్కృతం, లిపి జావాలో వాడిన కవి లిపి. విషయం రాజుల దిగ్విజయం కాదు, నమ్వారన్ అనే మనిషి బాకీపడ్డ బంగారం తీరిపోయిందని అతని సంతానానికి రాసిచ్చిన చెల్లు చీటీ. మాగెల్లాన్ రావడానికి ఆరొందల ఏళ్ళ ముందు అక్కడ తిథి లెక్కగట్టి, అప్పు తీరిందని రాగి మీద చెక్కించుకునే మనుషులున్నారు.

ఇక్కడ కూడా చేయి జారకూడదు. ఆ రేకు 900లో ఫిలిప్పీన్స్ అనే దేశం ఉందని చెప్పదు, దానిలోని చివరి వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది, అందులోని ఊళ్ళ పేర్లు ఇప్పటి ఏ ఊళ్ళో అన్నదాని మీద వాదనలున్నాయి. అంతా భారతదేశం నుంచే వెళ్ళిందని మనవాళ్ళు ఛాతీ విరుచుకోవడానికి కూడా అది సాక్ష్యం కాదు, ఆ సంస్కృతం జావా, మలయ్ సముద్ర వ్యాపారం దారిలో వచ్చింది. ఒక పత్రం ఎంతవరకు చెబుతుందో అంతవరకే వినడం నేర్పడానికి ఆ పది వరసలు బంగారం లాంటి పాఠం. (మన వైపు నుంచి నేరుగా ఉన్న సంబంధం ఇంకా తర్వాతది. 1762లో మనీలాని బ్రిటిష్ వాళ్ళు పట్టుకున్నప్పుడు ఆ దండు బయలుదేరింది మద్రాసు నుంచే. 1764లో తిరిగి వెళ్ళేటప్పుడు సిపాయిల్లో కొందరు వెళ్ళకుండా మనీలా పక్కనున్న కాయింతాలో ఉండిపోయారు.)

ఇంతవరకు చెప్పిందాంట్లో ఒక లోపం ఉంది, ఆ దేశపు సిలబస్‌లో ఉన్న లోపమే అది. దాదాపు అంతా మనీలా చుట్టూ తిరిగింది. ‘స్పెయిన్ మనల్ని 333 ఏళ్ళు పాలించింది’ అన్న వాక్యం ప్రతి ఫిలిపినో విద్యార్థికీ తెలుసు. 1565 నుంచి 1898 దాకా లెక్క. మిందనావ్‌లోని మరావిలో కూర్చున్న ముస్లిం విద్యార్థికి ఆ ‘మనల్ని’లో చోటేది? సులూ, మగిందనావ్ సుల్తానుల రాజ్యాలు స్పెయిన్‌కి పూర్తిగా లొంగింది లేదు. ఉత్తరాన కొర్దిలేరా కొండల్లోని ఇగొరోట్ తెగలదీ అదే కథ. లొంగినవాళ్ళ చరిత్ర జాతీయ చరిత్ర అయింది, లొంగనివాళ్ళది ప్రాంతీయ చరిత్రగా మిగిలింది. 2016లో వచ్చిన రిపబ్లిక్ యాక్ట్ 10908 ముస్లింల, ఆదివాసుల చరిత్రని స్కూలు నుంచి కాలేజీ దాకా అన్ని స్థాయిల్లోనూ కలపాలంది. కాగితం మీద ఉంది. కానీ కలపడం అంటే పుస్తకం చివర ఒక అధ్యాయం అతికించడం కాదు, ఆ 333 ఏళ్ళ వాక్యాన్నే మళ్ళీ రాసుకోవడం. 1906లో అమెరికన్ సైన్యం సులూలోని బుద్ దాహో కొండ మీద వందలమందిని, ఆడవాళ్ళూ పిల్లలతో సహా, చంపింది. 1968లో కొరెహిదోర్ దీవిలో రహస్యంగా సైనిక శిక్షణ ఇస్తున్న ముస్లిం యువకుల్ని కాల్చేశారన్న జబీదా ఉదంతం తర్వాతే మిందనావ్‌లో వేర్పాటు ఉద్యమం ఊపందుకుంది. ఇవి తెలియని మనీలా పిల్లలకి 2019లో బంగ్సమొరో స్వయంపాలిత ప్రాంతం ఎందుకు ఏర్పడిందో అర్థం కాదు.

భాష గొడవ కూడా ఇక్కడే తగులుతుంది. దేశంలో నూటడెబ్భై పైచిలుకు భాషలున్నాయి. మనీలా ప్రాంతపు తగలోగ్ పునాదిగా జాతీయ భాష ఉంటుందని 1937లో అధ్యక్షుడు కెసోన్ ప్రకటించాడు, 1987 రాజ్యాంగం దాన్ని ఫిలిపినో అంది, సెబువానో మాట్లాడేవాళ్ళు ఇది మా మీద రుద్దుడే అని ఇప్పటికీ అంటారు. 2013 మెమో వచ్చాక కాలేజీలో ఫిలిపినో భాష తప్పనిసరి సబ్జెక్టు కాకుండా పోయింది. కవి, పండితుడు బియెన్‌వెనిదో లుంబెరా, ఇంకా ఎందరో టీచర్లు సుప్రీంకోర్టుకి వెళ్ళారు, 2015లో తాత్కాలిక స్టే వచ్చింది, 2018లో కోర్టు మెమోనే సమర్థించింది. ఉద్యోగాలు పోతాయన్న భయం కూడా ఆ పోరాటంలో ఉంది, దాన్ని తక్కువ చేసి చూడక్కర్లేదు. అంతకంటే పెద్ద ప్రశ్న, 1901లో ఓడ దిగిన అమెరికన్ టీచర్లు పెట్టిన ఇంగ్లిష్ మీడియంలోనే ఇప్పటికీ జాతీయత పాఠం చెబుతుంటే అది ఎంతవరకు లోపలికి దిగుతుంది?

అమెరికా ఘట్టం అన్నిటికంటే మెత్తగా చెప్పే భాగం. స్పెయిన్ క్రూరంగా పాలించింది, అమెరికా బడులు కట్టింది అన్న లెక్క చాలామంది మనసుల్లో ఉండిపోయింది. నిజమే, బడులు కట్టింది. 1898 డిసెంబర్ పారిస్ ఒప్పందంలో 2 కోట్ల డాలర్లిచ్చి ఈ దీవుల్ని స్పెయిన్ దగ్గర తీసుకుంది కూడా, అప్పటికే స్వాతంత్ర్యం ప్రకటించుకున్నవాళ్ళతో యుద్ధం చేసింది కూడా. ఆ యుద్ధంలో 20,000 మందికి పైగా ఫిలిపినో సైనికులు చనిపోయారు, తుపాకులకీ కరువుకీ రోగాలకీ పోయిన సామాన్యులు 2 లక్షల దాకా ఉంటారని అంచనా. 1901 సెప్టెంబర్ 28న సమార్ దీవిలోని బలంగిగా ఊరివాళ్ళు అక్కడి అమెరికన్ దళం మీద పడి 48 మందిని చంపారు. దానికి బదులుగా జనరల్ జేకబ్ స్మిత్, ఆయుధం పట్టగల పదేళ్ళు దాటిన ప్రతివాడినీ చంపమన్నాడు. చర్చి గంటల్ని సైనికులు ఎత్తుకుపోయారు, అవి 2018 డిసెంబర్‌లో గానీ తిరిగి రాలేదు. 1907 నుంచి 1919 దాకా సొంత జెండా ఎగరేయడం నేరం. జాతీయత కోర్సులో జెండా మడతపెట్టే పద్ధతి చెప్పేకంటే, పన్నెండేళ్ళు ఆ జెండాని దాచుకున్న ఇళ్ళ గురించి ఒక గంట చెప్పడం మేలని నా ఉద్దేశం.

అన్నిటికంటే సున్నితమైనది సైనిక పాలన పాఠం. 1972 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ మార్షల్ లా పెట్టాడు, 1986 ఫిబ్రవరిలో మనీలాలోని ఎద్సా రోడ్డు మీదకి లక్షల మంది రావడంతో దేశం వదిలిపోయాడు. 2013లో చేసిన రిపబ్లిక్ యాక్ట్ 10368 ద్వారా రాజ్యమే ఆ కాలపు హింసని ఒప్పుకుంది, పరిహారానికి 75,000కు పైగా దరఖాస్తులొస్తే 11,103 మందిని బాధితులుగా గుర్తించింది, డబ్బు స్విస్ బ్యాంకుల్లోని మార్కోస్ ఖాతాల నుంచి రాబట్టిన 1,000 కోట్ల పెసోల నుంచి ఇచ్చింది. ఈ చరిత్ర అన్ని స్థాయిల్లో బోధించాలని అదే చట్టం చెబుతోంది. ఇంకోపక్క 2016లో మార్కోస్‌ని వీరుల శ్మశానంలో ఖననం చేశారు, 2022లో ఆయన కొడుకు అధ్యక్షుడయ్యాడు, యూట్యూబ్‌లో, టిక్‌టాక్‌లో అది స్వర్ణయుగం అని చెప్పే వీడియోలు కోకొల్లలు. ఇప్పుడు కాలేజీలో ఉన్నవాళ్ళు 2004 తర్వాత పుట్టినవాళ్ళు. వాళ్ళకి ఆ కాలం వీడియోలో చూసిందే.

ఇక్కడ ఉపన్యాసం పనిచేయదు. స్వర్ణయుగం కాదు అని టీచరు ఎంత గట్టిగా చెబితే, నీది ఫలానా పార్టీ అని పిల్లలు అంత గట్టిగా చెవులు మూసుకుంటారు. అంకెలు చేతికివ్వడం మేలు. 1965లో డాలరుకి దాదాపు 4 పెసోలు, 1986కి దాదాపు 20. 1984, 1985 రెండేళ్ళూ వరసగా దేశ ఆదాయం ఏటా 7 శాతం చొప్పున పడిపోయింది. వంతెనలు, ఆసుపత్రులు కట్టిన మాటా నిజమే, అవి ఏ అప్పుతో కట్టారో, ఆ అప్పు ఎన్నేళ్ళు తీర్చారో కూడా పక్కనే పెట్టాలి. కవీటె పాఠంలో ఇస్కియెర్దోని అడిగిన ప్రశ్నే ఇక్కడ వీడియో తీసినవాడినీ అడగాలి, నేను ఇచ్చిన అంకెల్నీ అడగాలి. ఇలాంటి క్లాసు చెప్పడానికి టీచర్లు భయపడితే వాళ్ళని తప్పుపట్టలేను. 2021లో కొన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల లైబ్రరీల నుంచి, కమ్యూనిస్టులకి అనుకూలం అంటూ, పుస్తకాలు తీసి భద్రతా దళాలకి అప్పగించారు కూడా.

వీటన్నిటికీ దొరికే సమయం ఎంతనుకున్నారు? 3 యూనిట్లు, 54 గంటలు, ఒక సెమిస్టర్. అది చాలదన్నట్టు 2014లో విద్యాశాఖ హైస్కూల్లో ఫిలిప్పీన్స్ చరిత్రని విడి సబ్జెక్టుగా తీసేసింది. ఆసియా చరిత్ర, ప్రపంచ చరిత్ర చెప్పేటప్పుడు అందులో భాగంగా చెప్పొచ్చన్నారు. ఫలితం, అయిదారు తరగతుల్లో విన్న కథ ఏళ్ళు గడిచేసరికి మర్చిపోయి కాలేజీకొచ్చిన పిల్లల ముందు ఒక్కసారిగా నాలుగు పరస్పర విరుద్ధమైన పత్రాలు పడతాయి. అసలు కథే తెలియనివాడికి కథలోని వైరుధ్యం ఏం అర్థమవుతుంది? పత్రాల కోర్సు మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం కోర్సు తప్పు కాదు, కింద మెట్టు తీసేసిన తప్పు.

నన్నడిగితే హైస్కూల్లో ఒక ఏడాది పూర్తిగా చరిత్ర కథ వెనక్కి తేవాలి. కాలేజీలో రిజాల్ కోర్సుని, పత్రాల కోర్సుని విడివిడి టీచర్ల చేతుల్లో కాకుండా ఒకే టీచరు చేతిలో రెండు వరస సెమిస్టర్లుగా నడపాలి. ముందు పత్రాలు, తర్వాత రిజాల్, నవలలు మొత్తం చదవడం, పరీక్షలో తేదీల బిట్లు సున్నా. మిందనావ్ కాలేజీలో సుల్తానుల వంశావళులు, కొర్దిలేరాలో కొండ తెగల రికార్డులు, సెబూలో, మాగెల్లాన్‌ని ఎదిరించిన స్థానిక నాయకుడు లాపులాపు గురించి పిగఫెట్టా రాసిన పేజీలు, ఇలా సగం పత్రాలు ఆ ప్రాంతానివే అయ్యుండాలి, స్థానిక భాషలో చర్చించుకునే స్వేచ్ఛ ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పాత చట్టాలు మూడు ఇప్పటికే ఉన్నాయి. కావాల్సింది పత్రాలు చదివించడంలో తర్ఫీదు పొందిన టీచర్లు, ఒక్కొక్కరికి యాభై అరవై మంది కాకుండా పాతికమంది ఉండే క్లాసులు, ఏ పత్రం ఎంచుకున్నందుకూ ఉద్యోగం పోదన్న భరోసా.